రంగం వెళ్ళని వేసవి

మొన్న వేసవి సెలవులకు ముందు మా చిన్నమ్మాయి, అల్లుడు, వాళ్ళ ఇద్దరు పిల్లలు గుంటూరు నుంచి తెనాలి వచ్చారు. పిల్లలకు కాస్త ఊహ తెలిసింది కదా, ఈసారి అందరం కలిసి ఏదైనా పరాయి దేశం చూసి రావాలని వాళ్ళ ఆలోచన. భోజనాలయ్యాక అల్లుడూ పిల్లలూ ఫోను చుట్టూ చేరి సింగపూరా, బాలీయా, దుబాయా అని వాదించుకున్నారు. పిల్లవాడికి పెద్ద చేపల్ని అద్దాల వెనక చూపించే ఊరు కావాలి. చిన్నదానికి హోటల్లోనే ఈతకొలను కావాలి. ఎంతకీ తెగకపోయేసరికి మా అల్లుడు నవ్వి, సరే చేతులెత్తండి, ఎక్కువమంది ఎటంటే అటు అన్నాడు. ముగ్గురు చేతులెత్తారు. మా అమ్మాయి మాత్రం తల వంచుకుని మామిడిపండు ముక్కలు కోస్తూ కూర్చుంది. నీకెక్కడికి వెళ్ళాలనుందే అని అడిగాను. "నాదేముందమ్మా, పిల్లల కోసమేగా" అంది. అచ్చంగా అదే మాట, ఇంచుమించు అదే గొంతుతో, ఇదే ఊళ్ళో నా పదో ఏట విన్నాను. మా అమ్మాయిని చెప్పేదాకా వదల్లేదు. చాలాసేపటికి, సిగ్గుపడుతూ, ఏదో కొండల మధ్య ఊరి పేరు చెప్పింది. వాళ్ళు అక్కడికే వెళ్ళి, సంతోషంగా తిరిగొచ్చారు. అది వాళ్ళ సంగతి. నేను చెప్పబోయేది మా అమ్మ సంగతి.

మా నాన్న తెనాలిలో ఒక హైస్కూల్లో భూగోళం చెప్పే మాస్టారు. కాలవకు దగ్గర్లో మాది అద్దె ఇల్లు. రెండు గదులు, వెనక పెంకుల వసారా, ఆ వసారాలో వంట. నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన ప్రసాదు, మూడేళ్ళ చెల్లి బేబీ. తెల్లవారుజామునే నాయనమ్మ దగ్గు వినిపించేది, ఆ వెనకే కుంపట్లో బొగ్గులు చిటపటలాడిన చప్పుడు. నాయనమ్మ గంజి పెట్టిన తెల్లచీర తప్ప కట్టేది కాదు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకుని, బైబిలు ముందు పెట్టుకుని పెదవులు కదుపుతూ చదివేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వేలు ఆ మాట మీదే ఉంచి తలెత్తేది. వారానికోసారి నిజాంపట్నం నుంచి ఒకామె ఎండు రొయ్యల తట్టతో వచ్చేది. అమ్మ వాటిని తలలు తుంచి, దోరగా వేయించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి దంచి, సీసాలో పోసి పెట్టేది. వేడన్నంలో ఆ పొడి చల్లి, పైన నువ్వులనూనె వేసి కలిపేది. మా వీధిలో ఎవరూ అలా తినరు. అది రంగం అలవాటు అని నాయనమ్మ అనేది, మెచ్చుకోలూ కాదు, తప్పు పట్టడమూ కాదు అన్నట్టు.

రంగూన్‌ను మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. అమ్మ పుట్టింది అక్కడే. రేపల్లె నుంచి వెళ్ళిన మా తాతయ్య అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీగా పనిచేశాడు. అమ్మమ్మ అక్కడే పోయింది. అమ్మను పెంచింది ఆమె అక్క రత్నమ్మ, అమ్మకంటే పదేళ్ళు పెద్దది. ఆ పెద్దమ్మ, మిల్లులో లెక్కలు రాసే ఒక బర్మా అతన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అతను బౌద్ధుడు. తాతయ్య ఆ అవమానం భరించలేక, యుద్ధం ముంచుకొచ్చేలోపే చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి రేపల్లె వచ్చేశాడు. అప్పుడు అమ్మకు పన్నెండేళ్ళు. వచ్చిన రోజే తాతయ్య, ఈ ఇంట్లో ఆ పేరు ఇక పలకకూడదన్నాడట. మాది క్రైస్తవ కుటుంబం. రోజూ దీపాలు పెట్టే వేళకు చాప పరిచి ప్రార్థన చేసుకునేవాళ్ళం. నాయనమ్మ పాట ఎత్తుకునేది, నాన్న వాక్యం చదివేవారు, ఆఖర్న బంధువులందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పగించేవారు. రేపల్లె వాళ్ళు, బాపట్ల వాళ్ళు, నందివెలుగులో మంచానపడ్డ నాన్న మేనత్త, ఎవర్నీ వదిలేవారు కాదు. రత్నమ్మ పేరు మాత్రం ఉండేది కాదు. తాతయ్య పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన పెట్టిన కట్టుబాటు మాత్రం పెళ్ళితోపాటు అమ్మ వెంట రేపల్లె నుంచి తెనాలి వచ్చి, మా ఇంట్లో కూడా కూర్చుంది. పెద్దమ్మ ఉత్తరాలు నాన్న స్కూలు అడ్రసుకు వచ్చేవి. నాన్న వాటిని పుస్తకంలో పెట్టి తెచ్చి అమ్మ చేతికిచ్చేవారు. నాయనమ్మ చూసేది, చూడనట్టు పేజీ తిప్పేది.

ఆ రోజుల్లో నాన్న పిల్లల కోసం భూగోళం ప్రశ్నలకు జవాబుల పుస్తకం ఒకటి రాశారు. తెనాలిలో అచ్చాఫీసులకు కొదవా. ప్రూఫు కాగితాలు ఇంట్లో ఆరేసినట్టు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి, సిరా వాసన అన్నంలోకి కూడా వచ్చేదని నాయనమ్మ సణిగేది. ఆ పుస్తకం ఎవరూ అనుకోనంత బాగా అమ్ముడుపోయింది. ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక నాన్న చాప మీద నుంచి లేవకుండా, ఇరవై ఏళ్ళుగా బెత్తంతో దేశాలు చూపిస్తున్నాను, ఒక్కదానిలోనూ కాలు పెట్టలేదు, వచ్చే వేసవిలో అందరం కలిసి ఒక దేశం చూసొద్దాం అన్నారు. మేం నమ్మలేదు. మర్నాడు ఆయన స్కూలు నుంచి పెద్ద అట్లాసు మోసుకొచ్చాక నమ్మాం.

ఆ తర్వాత ఒక నెలపాటు మా ఇంట్లో ఆ మాట తప్ప మరో మాట లేదు. నాయనమ్మ, వెళితే యెరూషలేమే వెళ్ళాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి అంది. అది చాలా దూరమని నాన్న సర్దిచెబితే, మోషేకు మాత్రం దగ్గరయిందా అంది. నాన్నకు నేపాలు మంచుకొండలంటే మోజు. కానీ మా ఇంటి మొత్తానికి ఒక్క స్వెట్టరు లేదు. బేబీకి కాస్త చలిగాలి తగిలితే పిల్లికూతలు వచ్చేవి. అలా నేపాలు పోయింది. మిగిలినవి రెండు, సిలోను, రంగం. రంగం అన్న మాట అట్లాసు ముందు నాన్నే ఎత్తారు, మామూలుగా, రెండు దేశాల్లో ఒకటన్నట్టు. మద్రాసులో స్టీమరెక్కితే మూడు నాలుగు రోజులు నీళ్ళ మీద. సిలోనుకైతే రైలు సముద్రం ఒడ్డుదాకా తీసుకెళ్ళి దించుతుంది, అక్కడ స్టీమరెక్కితే పూట తిరక్కుండా ఆవలి ఒడ్డు. చిన్నపిల్లలతో అదే తేలిక అని పక్కింటి వాళ్ళూ, స్కూల్లో మాస్టర్లూ చెప్పారు. నాయనమ్మకు నాలుగు రోజుల సముద్రం అంటేనే గుండెదడ. ప్రసాదుకు ఎవరో సిలోనులో ఏనుగులు ఏట్లో స్నానం చేస్తాయని చెప్పారు. ఇక వాడు అన్నం తింటున్నా, నిద్రలోనూ ఏనుగులే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ నన్ను వసారాలో ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. నాకు బాగా ఒత్తు జుట్టు, చిక్కు తియ్యడానికి చాలాసేపు పట్టేది. అమ్మ సాధారణంగా చిక్కు తీసేటప్పుడు మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది. రంగంలో వాళ్ళ ఇల్లు చెక్క కాళ్ళ మీద ఉండేదట. వానలకు కింద నీళ్ళు నిలిస్తే అక్కా తనూ మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకునేవారట. అక్క తన బుగ్గలకు ఏదో చెట్టు బెరడు అరగదీసిన గంధం రాసేదట, ఎండకు చల్లగా ఉంటుందని. పెద్దమ్మ గురించి అమ్మ నాతో అంత మాట్లాడటం అదే మొదలు. జడ కొసకు రిబ్బను కట్టి, నా భుజాల మీద రెండు చేతులూ వేసి మెల్లగా అడిగింది.

"నీకు రంగం ఇష్టమేనా?"

నేను ఇష్టమేనన్నాను. ఆ క్షణంలో నిజంగానే ఇష్టం. అమ్మ నా తల వెనక తన గడ్డం ఒకసారి ఆనించి, లేచి వెళ్ళింది.

ఆ పై వారం నాన్న ఓట్లు పెట్టారు. ఆయనకు స్కూల్లో ప్రతిదానికీ ఓట్లు పెట్టించడం అలవాటు. ఆ మధ్యలో జరిగిందేమీ పెద్దది కాదు. మా క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల, మీరు సిలోను వెళ్తున్నారంటగా, అక్కడి తెల్ల గవ్వలు నాకు తెస్తావా అని అడిగింది. తెస్తానన్నాను. క్లాసంతా నన్ను సిలోను అమ్మాయి అనడం మొదలుపెట్టింది. ఆ పేరు నాకు నచ్చింది. అంతే. ప్రార్థన చాప ఇంకా ఎత్తలేదు, నాన్న ముందుగా సిలోను అన్నారు. ప్రసాదు రెండు చేతులూ ఎత్తాడు. వాణ్ణి చూసి బేబీ ఎత్తింది. నాయనమ్మ, తప్పదన్నట్టు, నాలుగు వేళ్ళు పైకి లేపింది. నేను ఒకసారి ఆగాను. ఆగాను కాబట్టే ఇప్పుడు పదేళ్ళపిల్లను, తెలియదు అని తప్పించుకోలేను. తెలిసింది. తెలిసే ఎత్తాను. అమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. బస్సు వెళ్ళిపోయాక కూడా రోడ్డు వైపు చూస్తాం చూడండి, అలా చూసింది. నాన్న అమ్మ వైపు తిరిగి, నీ మాటేంటి అని అడిగారు.

"నాదేముందండి. పిల్లల కోసమేగా వెళ్ళేది. వాళ్ళెటంటే అటే."

అని, గిన్నెల మీద మూతలు పెట్టాలని లేచి వసారాలోకి పోయింది. నాన్న ఆమె వెళ్ళిన వైపే చూస్తూ అట్లాసు మూశారు. ఆయనకు ఏదో తట్టిందనుకుంటాను. కానీ ఓటు ఓటే అనుకునే మనిషి. ఆ రోజుల్లో పాస్‌పోర్టు మీద ఏ దేశాలకు చెల్లుతుందో విడిగా రాసేవారు. మద్రాసు పంపే దరఖాస్తులో నాన్న సిలోను అని రాసి, ఎవరూ అడక్కుండానే దాని పక్కన బర్మా అని కూడా రాశారు. ఎప్పటికైనా పనికొస్తుందిలే అన్నారు.

నిజం చెప్పకపోతే తప్పు. సిలోనులో ఆ పది రోజులూ మేం ఎంతో సంతోషంగా ఉన్నాం. అమ్మ కట్టిన పులిహోర మద్రాసు దాకా, చేగోడీలు ధనుష్కోడి దాకా వచ్చాయి. సూదిమందులకు ఉబ్బిన జబ్బలు పట్టుకుని స్టీమరెక్కాం. ప్రసాదు వాంతి చేసుకుని, అయిపోగానే ఆకలన్నాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుని కీర్తన అందుకుంది. అది పూర్తయ్యేలోపే ఒడ్డు కనిపించిందని తర్వాత జీవితమంతా చెప్పుకుంది. కాండీ దగ్గర ఏట్లో ఏనుగులు పక్కకు ఒరిగి పడుకుంటే మావటివాళ్ళు కొబ్బరిపీచుతో తోముతున్నారు. ప్రసాదు ఒక్కొక్కదాన్నీ వేలెత్తి లెక్కపెట్టాడు. బేబీ నాన్న భుజం మీద నుంచి ఏనుగుకు టాటా చెప్పింది. అమ్మ కూడా నవ్వింది. కాషాయబట్టల బౌద్ధ సన్యాసులు వరసగా నడిచి వెళ్తుంటే, రంగంలోనూ ఇలాగే పొద్దున్నే వచ్చేవారు అని మాకు చూపించింది.

కాండీలోనే ఒక ఉదయం బజారుకు వెళ్ళాం. కూరగాయల వరస దగ్గర మాకు ముందు ఒకామె వెళ్తోంది. నడివయసు, తెల్లరవిక, కాళ్ళదాకా చుట్టిన పూల గుడ్డ, ముడిలో ఒక పువ్వు. అమ్మ నా చెయ్యి వదిలేసింది. జనాన్ని తోసుకుంటూ గబగబా వెళ్ళి, వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె తిరిగింది. ఎవరో ఆ ఊరి మనిషి. అమ్మకు ఆ భాష రాదు, ఆమెకు మన భాష రాదు. అమ్మ రెండు చేతులూ జోడించి వెనక్కి వచ్చేసింది. ప్రసాదూ నేనూ పకపకా నవ్వాం. నాన్న మా ఇద్దర్నీ గట్టిగా కసిరారు. మా మీద ఆయన గొంతెత్తడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. ఆ సాయంత్రం సత్రం గదిలో ప్రార్థనకు కూర్చున్నప్పుడు, బంధువుల పేర్లన్నీ అయ్యాక నాన్న ఒక్క క్షణం ఆగి, రంగంలో ఉన్న రత్నమ్మను, ఆమె భర్తను, పిల్లలను నీ చేతికి అప్పగిస్తున్నాం తండ్రీ అన్నారు. నాయనమ్మ కళ్ళు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. అందరి ఆమెన్ అయిపోయాక చాలాసేపటికి అమ్మ ఆమెన్ వినిపించింది. మంచాల మీద దుప్పట్లు పరుస్తూ నాన్న, వచ్చే వేసవికి రంగం, ఓట్లు లేవు అన్నారు.

వచ్చే వేసవికి అక్కడ సైన్యం గద్దెనెక్కింది. బయటివాళ్ళకు తలుపులు మూశారు. నాన్న మద్రాసుకు, ఢిల్లీకి ఎన్ని దరఖాస్తులు పెట్టారో నాకు తెలియదు. పెట్టిన ప్రతిసారీ కవరు మీద అడ్రసు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి నా చేతే పోస్టు చేయించేవారు. ఒకటి రెండిటికి కుదరదని జవాబొచ్చింది, మిగతావాటికి అదీ లేదు. తర్వాత రెండేళ్ళకు రంగంలో ఉన్న మనవాళ్ళనే ఓడలకెత్తి పంపించెయ్యడం మొదలుపెట్టారు. తరాలుగా అక్కడ బతికినవాళ్ళు కట్టుబట్టలతో వచ్చి దిగారు.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన, కుట్టుపని చేసుకునే మనిషి, పెద్దమ్మ వీధిలోనే ఉండేవాడట, మా అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. అక్క ఒళ్ళు చేసిందా, చిక్కిందా, ఇప్పటికీ ముడిలో పువ్వు పెడుతుందా, తెలుగు మాట్లాడుతుందా, ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. ఆయన ఓపిగ్గా అన్నిటికీ చెప్పాడు. ఆమె భర్త ఆ దేశంవాడు కాబట్టి వాళ్ళనెవరూ పొమ్మనలేదని, పిల్లలు ముగ్గురూ చదువుకుంటున్నారని చెప్పాడు. తర్వాత, మంచి కబురే చెబుతున్నాననుకుని, ఇంకో మాట చెప్పాడు.

"ఆ ఏడు వేసవిలో మీరొస్తున్నారని ఉత్తరం రాశారంటగదమ్మా. మీ అక్కగారు ఇంటికి సున్నం వేయించారండి. పిల్లలు ముగ్గురని మూడు చిన్న గొడుగులు కొన్నారు, పువ్వుల గొడుగులు. నేను రేవులో ఉన్నానండి ఆ రోజు, మావాళ్ళనెవర్నో దించుకోడానికి. స్టీమరు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డారు. ఆ పై స్టీమరుకి కూడా వచ్చారండి."

"రావట్లేదని రాశాను కదా" అంది అమ్మ. ఆ మాట చాలా నెమ్మదిగా అంది.

"అది తర్వాతెప్పుడో అందిందంటండి. పిల్లకి జ్వరమని రాశారంట."

అమ్మ తల ఊపింది. కాఫీ ఇంకొంచెం ఇమ్మంటారా అని అడిగింది. నేను గది లోపల తలుపు వెనక ఉన్నాను. అమ్మ మా ఓటుకు ముందే అక్కకు రాసేసిందని అప్పుడే తెలిసింది. మేం ఏటి ఒడ్డున కూర్చుని ఏనుగుల్ని చూస్తున్న వేళకు, సముద్రానికి ఇంకోవైపున ఒక మనిషి మూడు గొడుగులు ఇంట్లో పెట్టుకుని మా కోసం రేవులో నిలబడి ఉంది.

ఆ తర్వాత నాన్న హెడ్‌మాస్టరై బాపట్ల మారాం. ఇసక నేల, మల్లెచెట్టు, మధ్యాహ్నం మూడు దాటితే సముద్రపు గాలి. ప్రసాదు, బేబీ సెలవు దొరికితే సూర్యలంక పోదామని గొడవ చేసేవారు. నేను గుంటూరులో కాలేజీలో చేరి, సెలవులకు వచ్చేదాన్ని. ఒక సెలవులో అమ్మా నేనూ కూర్చుని ఎండు రొయ్యలు బాగు చేస్తున్నాం. ఆ కుట్టుపనాయన వచ్చి వెళ్ళినప్పటి నుంచి అడగాలనుకున్నది ఆ రోజు అడిగేశాను. ఎప్పుడు రాశావమ్మా పెద్దమ్మకు, వస్తున్నామని? అమ్మ నా వైపు చూడలేదు. నీకు జడ వేసిన రోజు సాయంత్రం అంది. నువ్వూ నేనూ అంటే మీ నాన్న ఎలాగూ అటే ఉంటారు, ముగ్గురం చాలనుకున్నాను అంది. నేను ఏడ్చాను. నా చేతులకు రొయ్యల పొట్టు అంటుకుని ఉంది, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. అమ్మ తన కొంగుతో తుడిచింది.

"ఏడవకు. పిల్లవి, ఏనుగుల్ని చూడాలనుకోవడం తప్పేంటి? తప్పు నాది. మీ నాన్న అడిగారు కదా నన్ను. అక్కను చూడాలండి అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. ఇరవై ఏళ్ళు పైకి పలకని పేరు కదా, అందరి ముందూ రాలేదు."

అంతకు మించి ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు పెళ్ళై చీరాల వెళ్ళిన రెండేళ్ళకు అమ్మకు జబ్బు చేసింది. కడుపులో గడ్డ అన్నారు. నాలుగు నెలలు మంచంలో ఉంది. నేను నెలల పిల్లను తీసుకుని వచ్చి ఆఖరి వారాలు దగ్గరే ఉన్నాను. పక్క మీద పిల్లను పడుకోబెడితే దాని కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉండేది. అమ్మ పోయేనాటికి యాభై కూడా నిండలేదు. బాపట్లలోనే సమాధి చేశాం. నాన్న ఆ తర్వాత అట్లాసు తెరవడం నేను చూడలేదు.

ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఒకటే, ఎంత నెమ్మదిగా తెలిసేవో మాకు అన్నీ. ఉత్తరం ఒక నెల, జవాబు ఒక నెల. ఆ మధ్యలో మనుషులు మనసులో ఏవేవో అనుకుని, ఆ అనుకున్నవాటితోనే బతికేవారు. ఇవాళ మా మనవడు ఫోన్లో ఏ ఊరి వీధినైనా క్షణంలో చూపిస్తాడు. ఒక రోజు రంగం చూపించమన్నాను. చూపించాడు. ఎత్తయిన మేడలు, కార్లు, పాత రేవు. ఎవరున్నారు అమ్మమ్మా అక్కడ అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. మాకు తెలియడానికి అంత ఆలస్యమయ్యేదని జాలిపడతాను కానీ, పక్కనే కూర్చున్న మనిషి మనసు తెలుసుకోవడానికి ఆనాడూ తపాలా అక్కర్లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

అమ్మ పోయిన సంగతి పెద్దమ్మకు నేనే రాశాను. మూడు నెలలకు జవాబొచ్చింది. తెలుగులో, పలక మీద పిల్లలు దిద్దినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. ఒత్తులు చాలాచోట్ల లేవు. ఎంత కాలమైందో ఆమె తెలుగు రాసి. చెల్లి ఎలా పోయింది, బాధపడిందా, దగ్గర ఎవరున్నారు అని అడిగింది. ఆఖర్న ఒక్క వాక్యం. ఆ ఏడు చెల్లి నా మీద కోపంతోనే రాలేదా, నిజం చెప్పు, ఇప్పుడు చెప్పినా పరవాలేదు అని. పదిహేనేళ్ళు ఆమె అదే అనుకుంటూ ఉంది. జ్వరం మాట నమ్మలేదు. నేను మూడుసార్లు రాసి చింపేశాను. నాలుగోసారి జరిగింది జరిగినట్టు రాశాను. అమ్మ రావాలనే అనుకుంది పెద్దమ్మా, మీ మీద ఆమెకు ఏనాడూ కోపం లేదు, నేను మాటిచ్చి తప్పాను, నాకప్పుడు పదేళ్ళు అని.

ఈసారి జవాబు పెద్దమ్మ కూతురు ఇంగ్లీషులో రాసింది. మీ ఉత్తరం నేను చదవలేను, అమ్మే భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివింది, తర్వాత నన్ను కూర్చోబెట్టి రాయించింది అని మొదలుపెట్టింది. పదేళ్ళ పిల్ల మీద ఎవరికైనా కోపం ఉంటుందా, నీకూ ఇప్పుడు పిల్ల పుట్టిందన్నావు, ఆ పిల్లను తీసుకుని రా, ఇప్పుడు వారం రోజులుండటానికి అనుమతి ఇస్తున్నారు, నేను మెల్లగా నడుస్తున్నాను కానీ దించుకోవడానికి రాగలను. ఇదీ పెద్దమ్మ రాయించింది.

వచ్చే వేసవికి వస్తామని రాశాను. ఆ వేసవికి పిల్లకు తట్టు పోసింది. ఆ పై వేసవికి మా ఆయనకు బదిలీ, సామానంతా పెట్టెల్లో ఉంది. మూడో వేసవికి ఏ అడ్డమూ లేదు. పాలకేంద్రం దగ్గర వరస, పిల్ల స్కూలు, వచ్చేపోయే చుట్టాలు, మామూలు జీవితం. ఈ ఏడు కాకపోతే మరో ఏడు అనుకున్నాను. వెళ్ళలేదు, అంతే.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో పెద్దమ్మ కూతురి దగ్గర నుంచి కవరు వచ్చింది. పెద్దమ్మ నిద్రలోనే పోయిందట, బాధపడలేదట. మేం వస్తామన్న సంగతి గురించి ఆ అమ్మాయి ఒక్క మాట కూడా రాయలేదు. ఆఖర్న మాత్రం, మీరు రాలేకపోయారని బాధపడకండి, చాలా దూరం కదా అని నాకు సర్దిచెప్పింది. దూరం మాకెప్పుడూ అడ్డం కాలేదని, ఆ సంగతైనా ఆమెకు నిజం రాయాలని కాగితం తీసుకుని కూర్చున్నాను. పైన తేదీ వేశాను, కింద ఆమె పేరు రాశాను. ఆపైన చెయ్యి కదల్లేదు.